కావలి నుంచి వైజాగ్ కారులో: రాత్రికి రాత్రే పోవాలా, రెండు రోజులు చేసుకోవాలా?

కావలి_కుర్రోడు

అందరికీ నమస్తే. సంక్రాంతి అయ్యాక అయిదు రోజులు సెలవు దొరికింది. అమ్మానాన్నల్ని, మా ఆవిడని, అయిదేళ్ల పాపని తీసుకుని వైజాగ్ పోదామనుకుంటున్నా. మా చెల్లెలు వాళ్లు అక్కడే ఉంటారు, వీలుంటే అరకు కూడా చూపించాలి. కావలి నుంచి దాదాపు 570 కిలోమీటర్లు. బండి ఎర్టిగా, ఆరేళ్లది. తోలేది నేనొక్కడినే. నెల్లూరు, ఒంగోలు, తిరుపతి అలవాటేగానీ ఇంత దూరం ఎప్పుడూ పోలేదు.

సమస్యల్లా మా బావమరిది. వాడూ వాడి కారులో వస్తున్నాడు. "రాత్రి పదింటికి బయల్దేరదాం బావా, రోడ్డు ఖాళీగా ఉంటుంది, పాప నిద్రపోతుంది, పొద్దున ఎనిమిదికల్లా వైజాగ్‌లో టిఫిన్" అంటాడు. నాకేమో పగలు పోయి రాజమండ్రిలో ఒక రాత్రి ఆగాలని ఉంది. నాన్నకి 68, షుగరు, ఇన్సులిన్ వేసుకుంటాడు. "హోటలుకి డబ్బులు దండగ, బంధువులు ఏమనుకుంటారు" అని అమ్మ. మీరు చెప్పండి.

ఒంగోలు_గిత్త

మీ బావమరిదే కరెక్టు బ్రో. పగలు పోతే ఊరూరా ట్రాక్టర్లు, ఆటోలు, రాంగ్ రూట్ బైకులు. నేను ఒంగోలు నుంచి హైదరాబాద్ నామ్ రోడ్డు (నార్కెట్‌పల్లి, అద్దంకి, మేదరమెట్ల రోడ్డు) మీద మూడు ముప్పావు గంటల్లో కొట్టా, మధ్యలో ఒక్కసారి కూడా దిగలేదు. రెండు ఎనర్జీ డ్రింకులు, మంచి పాటలు ఉంటే చాలు. 570కి రెండు రోజులంటే ఎద్దులబండి కట్టుకొని పో.

డిపో_పెద్దాయన

అబ్బాయ్, నేను ఆర్టీసీలో 31 ఏళ్లు స్టీరింగ్ పట్టుకున్నా. సగానికి పైగా నైట్ సర్వీసులే. రాత్రి తోలొద్దని నేను చెబితే జనం నవ్వుతారు. కానీ ఒక తేడా ఉంది. రాత్రి డ్యూటీ ఉన్న రోజు మేం పగలు పడుకునేవాళ్లం. పిల్లలు గోల చేస్తుంటే మా ఆవిడ వాళ్లని బయటికి పంపి, కిటికీలకి దుప్పట్లు కట్టి తలుపేసేది. నువ్వు అట్లా కాదు. పొద్దున ఆరింటికి లేచి, ఆఫీసుకి పోయి వచ్చి, సామాన్లు సర్ది, పాపని బుజ్జగించి పదింటికి కారెక్కుతావు. అంటే కారు తాళం తిప్పే వేళకే పదహారు గంటలు మేలుకొని ఉన్నావు, తోలాల్సింది మొత్తం ఇంకా ముందుంది.

ఒకసారి నెల్లూరు నుంచి విజయవాడ బండి. మార్టూరు దగ్గర, తెల్లారుజామున మూడున్నర అయి ఉంటుంది. రోడ్డుకి అడ్డంగా గేదె నిలబడి ఉంది. నుదుటి మీద తెల్లమచ్చ కూడా కనిపించింది నాకు. బ్రేకు తొక్కా. వెనక ముప్పై మంది ముందుకి తూలారు, ఒకాయన పళ్లసెట్టు ఊడి సీటు కింద పడింది. దిగి చూస్తే గేదె లేదు, గేదె తోక కూడా లేదు. కండక్టరు నా మొహం చూసి ఒక్కమాట అడగలేదు. బండి పక్కకి పెట్టించి, ఫ్లాస్కులో టీ పోసిచ్చి, ఇరవై నిమిషాలు పడుకోమన్నాడు. జనానికి మాత్రం "ఇంజన్ వేడెక్కింది, చల్లారాలి" అని చెప్పాడు.

నిద్ర ఆవులింతలతో వస్తుందనుకుంటారు. నా అనుభవంలో అంతకు ముందే వస్తుంది. టంగుటూరు టోలు దాటామా లేదా అని మనకే అనుమానం వచ్చిందనుకో, ఇక ఆ పైన తోలకూడదు. తెల్లారుజామున రెండు నుంచి అయిదు దాకా మరీ చెడ్డ టైము, మధ్యాహ్నం భోజనం చేశాక రెండు నుంచి నాలుగు కూడా అంతే. మొహం కడుక్కుంటే, అద్దం దించితే అయిదు నిమిషాలు ఆగుతుంది, పోదు. నిద్రకి మందు నిద్రే.

ఒంగోలు_గిత్త

పెద్దాయనా, అది అప్పటి బస్సు, సింగిల్ రోడ్డు. ఇప్పుడు నాలుగు లైన్లు, ఏసీ కారు. కాలం మారింది.

డిపో_పెద్దాయన

రోడ్డు మారింది నాయనా. కళ్లు మాత్రం దేవుడిచ్చిన పాతవే.

నర్సు_అక్క

నేను ఒంగోలులో ఎమర్జెన్సీ వార్డులో చేస్తున్నా. పెద్దాయన చెప్పిన పదహారు గంటల మాటకి ఒక లెక్క కలుపుతా. మన చట్టం ప్రకారం 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములు దాటి మద్యం ఉంటే కేసు. 17 గంటలు ఏకధాటిగా మేలుకొని ఉన్న మనిషి చురుకుదనం 50 మిల్లీగ్రాములు ఉన్నవాడి స్థాయికి పడిపోతుందని పరిశోధనల్లో తేలింది. అంటే తాగకుండానే తాగి తోలినట్టు. ఊదించే మెషీన్‌లో మాత్రం సున్నా చూపిస్తుంది.

గిత్త తమ్ముడూ, ఎనర్జీ డ్రింకయినా కాఫీ అయినా తాగిన ఇరవై, ముప్పై నిమిషాలకి గాని పనిచేయదు. అందుకే తాగేసి, సీటు వెనక్కి వాల్చి ఇరవై నిమిషాలు కునుకు తీయాలి. లేచేసరికి రెండూ కలిసొస్తాయి. తాగి వెంటనే గేరు వేస్తే లాభం లేదు.

కావలి తమ్ముడూ, ఇప్పుడు నీ ఇంటి సంగతి. పాపని ముందు సీట్లో ఒళ్లో కూచోబెట్టుకోవద్దు, ఎంత ఏడ్చినా సరే. ఎయిర్‌బ్యాగ్ విచ్చుకుంటే మొదటి దెబ్బ ఆ బిడ్డకే. వెనక సీట్లో అమ్మానాన్నలకి కూడా బెల్టు పెట్టు. పెద్దవాళ్లు "ఊపిరాడదు" అంటారు, రెండు రోజుల ముందు నుంచే ఊళ్లో తిరిగేటప్పుడు అలవాటు చెయ్యి. నాన్న ఇన్సులిన్ డ్యాష్‌బోర్డులో పెట్టకు, ఎండకి పాడవుతుంది, అట్లాగని ఐసుకి ఆనించి పెట్టినా పాడవుతుంది. చిన్న కూల్ బ్యాగులో గుడ్డ చుట్టి పెట్టు. సూది వేసుకున్నాక టిఫిన్ ఆలస్యం కాకూడదు. "ఇంకో పది కిలోమీటర్లు పోతే మంచి హోటలుంది" అంటూ పోనిస్తే షుగర్ పడిపోతుంది. చేతికి అందేలా గ్లూకోజ్ పొడి ఉంచు. రెండు గంటలకోసారి దింపి నడిపించు, లేకపోతే కాళ్లు వాస్తాయి.

ఉలవపాడు_బంగినపల్లి

నేను ఒక్కదాన్నే ఉలవపాడు నుంచి చెన్నై, బెంగళూరు తోలుకుంటూ పోతుంటా, ఏడేళ్లుగా. నేను చెప్పేది ఎవరూ చెప్పరు గాబట్టి చెప్తున్నా. రోడ్డు మీద తొందర కారులో పుట్టదు, ఫోన్లో పుడుతుంది. "ఎన్నింటికి వస్తారు?" అని అడుగుతారు, మనం మ్యాప్ చూసి "ఒంటిగంటకల్లా ఉంటాం" అని చెప్పేస్తాం. అంతే, ఇంక అక్కడ వంట మొదలు. పన్నెండింటికి ఫోన్, ఎక్కడున్నారని. ఒంటిగంటకి ఫోన్, పప్పు చల్లారిపోతోందని. ఆ పప్పు కోసం మనం 120లో పోతాం.

మొదట్లో నేనూ ఇట్లాగే ఇరుక్కున్నా. ఒకసారి చెన్నైలో పిన్ని వాళ్లింటికి పోతూ, నాయుడుపేట దాటాక పిన్ని ఫోన్ ఎత్తి "వచ్చేస్తున్నా పిన్నీ, ఇంకో గంట" అంటూ ముందున్న గడ్డి ట్రాక్టరుని చూడలేదు. ట్రాలీకి వెనక ఎర్ర బిళ్ల కూడా లేదు. స్టీరింగ్ కొట్టేసరికి ఎడమ అద్దం ట్రాలీకి తగిలి ముక్కలైంది. అంతే పోయింది, అదృష్టం. అప్పటి నుంచి మ్యాప్ నాలుగు గంటలంటే నేను ఇంటికి ఏడు గంటలని చెప్తా. అసలు సాయంత్రం అని మాత్రమే చెప్తా, గంట చెప్పను. "మా కోసం అన్నం వండొద్దు, తినే వస్తాం" అని చెప్తా. ఇది చెప్పడానికి కొంచెం మొహమాటం పడాలి, కానీ చెప్పి చూడు, కారు దానంతటదే మెల్లగా పోతుంది.

ఇంకోటి, బాత్రూములు. మగవాళ్లు ఈ విషయం పట్టించుకోరు. మీ ఆవిడా, అమ్మా బాత్రూమ్ కోసం నీళ్లు తాగడం మానేస్తారు, తలనొప్పి తెచ్చుకుంటారు, నోరు తెరిచి చెప్పరు. పెద్ద పెట్రోలు బంకు కనిపించినప్పుడు అడక్కుండానే ఆపు. డీజిల్ అవసరం లేకపోయినా సరే.

మా ఊరి వాళ్ల తరఫున ఒక మనవి కూడా. ఎండాకాలం హైవే పక్కన మామిడిపండ్ల కొట్లు చూడగానే వందలో వస్తూ సడన్ బ్రేకు వేసే మహానుభావులారా, కాయలు ఎక్కడికీ పోవు. ముందు సర్వీస్ రోడ్డులోకి దిగి, అప్పుడు బేరం ఆడండి.

కావలి_కుర్రోడు

అక్కా, పప్పు సంగతి చదివి మా ఆవిడ నవ్వు ఆపుకోలేకపోయింది. మా చెల్లెలు అప్పుడే "ఎన్నింటికి వస్తారన్నయ్యా, చేపల పులుసు పెడతా" అంది.

లెక్కల_పంతులు

కందుకూరు నుంచి. గిత్త గారికి ఒక చిన్న లెక్క. నెల్లూరు నుంచి ఒంగోలు 120 కిలోమీటర్లు అనుకుందాం. 80లో పోతే 90 నిమిషాలు, 100లో పోతే 72 నిమిషాలు. మిగిలేది 18 నిమిషాలు, అదీ ఎక్కడా బ్రేకు పడకపోతే. ముసునూరు, టంగుటూరు టోళ్లలో ఫాస్టాగ్‌లో డబ్బుల్లేని ఒక్క బండి మన ముందుందంటే ఆ 18 గాలికి పోతాయి. ఇక దెబ్బ సంగతి. వేగం పావు వంతు పెరిగితే గుద్దినప్పటి శక్తి పావు వంతు పెరగదు, ఒకటిన్నర రెట్లు దాటుతుంది. వందలో బండి సెకనుకి 28 మీటర్లు పోతుంది. ఫోన్ వైపు రెండు సెకన్లు చూశారంటే 56 మీటర్లు కళ్లు మూసుకుని పోయినట్టే.

ఒంగోలు_గిత్త

సార్, నాలుగు లైన్ల హైవే మీద కార్లకి లిమిట్టే 100. నేను దొంగతనం చేస్తున్నట్టు మాట్లాడతారేంటి.

లెక్కల_పంతులు

లిమిట్ 100, నిజమే. ఒంగోలు నుంచి హైదరాబాద్ 330 దాకా ఉంటుంది. మూడు ముప్పావు గంటల్లో చేరాలంటే సగటు 88 రావాలి. ఊళ్లు, టోళ్లు, మలుపులు కలిపి సగటు 88 రావాలంటే మధ్యలో మీటరు ఎంత చూపించి ఉంటుందో మీరే చెప్పండి బాబూ.

ఒంగోలు_గిత్త

పాస్.

పడుగుపాడు_పడవ

నామ్ రోడ్డు మాట వచ్చింది కాబట్టి. 2018 ఆగస్టు 29న నందమూరి హరికృష్ణ గారు నల్గొండ జిల్లా అన్నెపర్తి దగ్గర ప్రమాదంలో పోయారు. ఆయన వస్తున్నది ఎక్కడికో తెలుసుగా, కావలికి, అభిమాని ఇంట్లో పెళ్లికి. తెల్లారకముందే హైదరాబాద్‌లో బయల్దేరి తనే తోలుతున్నారు. సీటు బెల్టు పెట్టుకోలేదని అప్పుడు పేపర్లన్నీ రాశాయి. స్టీరింగ్ ఆయనకి కొత్తకాదు, ఎన్టీఆర్ చైతన్య రథాన్ని రాష్ట్రమంతా తిప్పిన మనిషి. అంత అనుభవం ఉన్నవాడికే అట్లా అయింది.

చీమకుర్తి_గెలాక్సీ

అందరూ కారు వైపు నుంచే మాట్లాడుతున్నారు, నేను లారీ వైపు. చీమకుర్తి నుంచి చెన్నై పోర్టు వైపు, కృష్ణపట్నం వైపు గ్రానైట్ తోలే బళ్లు మావి. ట్రైలర్ మీద ఒక్క బ్లాకే 20 టన్నులుంటుంది కొన్నిసార్లు. మీరు నా ముందు ఖాళీ చూసి టక్కున దూరతారు, అది ఖాళీ కాదు అన్నా, నా బ్రేకు పట్టడానికి నేను ఉంచుకున్న జాగా. మీరు దూరి బ్రేకు వేస్తే నేను తొక్కినా బండి ఆగదు. వెనక బ్లాకు నా క్యాబిన్ మీదికొస్తుందేమోనని నా భయం నాది.

నా సైడు అద్దంలో నా మొహం మీకు కనపడకపోతే మీ కారు నాకు కనపడనట్టే. ఎడమ పక్క నుంచి దాటేటప్పుడు అసలు కనపడదు. ఇండికేటర్ సంగతి ఇంకో గొడవ. కొంతమంది డ్రైవర్లు ఎడమ ఇండికేటర్ వేసి "పో" అంటారు, కుడిది వేసి "ఆగు, ఎదురు బండి ఉంది" అంటారు. ఇంకొకడు నిజంగానే తిరగడానికి వేస్తాడు. అది నమ్మి ఓవర్‌టేక్ చేయొద్దు, మీ కంటికి రోడ్డు కనిపిస్తేనే పోండి.

మా తప్పు కూడా ఒప్పుకుంటా. రాత్రి నిద్రొస్తే మావాళ్లు రోడ్డు పక్కనే పెట్టి పడుకుంటారు. లారీలు ఆపుకునే లే బైలు కొన్ని చోట్లే ఉన్నాయి, ఉన్నవి పదింటికే నిండిపోతాయి. వెనక లైటు పనిచేయదు, రేడియం స్టిక్కరు దుమ్ముకొట్టి ఉంటుంది. రాత్రిపూట కార్లు వచ్చి ఇట్లా ఆగి ఉన్న బళ్లని గుద్దుతుంటాయి. ఖాళీ రోడ్డు అంటున్నారే, మాకు తెలిసిన ఖాళీ రోడ్డు అది. రాత్రే పోవాల్సొస్తే ఎడమ అంచుకి ఆనుకుని పోవద్దు, హెడ్‌లైట్ వెలుగు ఎంత దూరం పడుతుందో అంత దూరంలో ఆపుకోగల స్పీడులోనే పోండి. జనవరిలో మంచు కూడా ఉంటుంది, సింగరాయకొండ, టంగుటూరు దగ్గర తెల్లారుజామున ఒక్కోసారి బానెట్ తప్ప ఏమీ కనపడదు.

గాలి_పంక్చర్

సింగరాయకొండలో నాది టైర్ల షాపు. అందరూ నిద్ర, స్పీడు అంటున్నారు, కింద నాలుగు రబ్బరు ముక్కల సంగతి ఎవరూ అడగలేదు. ఆరేళ్ల బండి అన్నావు, టైర్లు ఎప్పుడివి? పక్క గోడ మీద ముద్ర చూడు, చివర నాలుగు అంకెలుంటాయి. 2319 అని ఉంటే 2019లో 23వ వారంలో చేసింది. పైన గుండీలు అరగకుండా బాగానే ఉన్నా రబ్బరు ముసలిదవుతుంది, గాట్లో వేలు పెట్టి వంచితే సన్న పగుళ్లు కనిపిస్తాయి. కనిపిస్తే అంత దూరం దాని మీద పోవద్దు.

గాలి పొద్దున చల్లగా ఉన్నప్పుడు కొట్టించు. పొద్దున అంటే మీ ఇంటి నుంచి బంకు దాకా పోయే రెండు కిలోమీటర్లు ఫర్వాలేదు, ఒంగోలు దాకా పోయి కాదు. ఎంత కొట్టాలో డ్రైవర్ డోరు తెరిస్తే అక్కడే స్టిక్కరు ఉంటుంది, జనం నిండా ఎక్కితే ఎంతో కూడా రాసుంటుంది. చాలామంది ఎండాకాలం బరస్ట్ అవుతుందని గాలి తగ్గిస్తారు. అది తిరగేసిన పని. గాలి తక్కువైతే టైరు ఎక్కువ నలుగుతుంది, నలిగితే వేడెక్కుతుంది, అదే పగిలేది. రోహిణి కార్తెలో నా షాపుకి వచ్చే బరస్టుల్లో ఎక్కువ అట్లా గాలి తగ్గించుకున్నవే. వేడి మీద ఉన్నప్పుడు గేజి ఎక్కువ చూపిస్తే గాలి తీసేయొద్దు, చల్లారితే అదే సర్దుకుంటుంది.

స్టెప్నీ! కొత్త కారు, మూడేళ్ల తర్వాత మొదటిసారి డిక్కీ కింద నుంచి స్టెప్నీ దింపిస్తే దాంట్లో గాలి తొమ్మిది పాయింట్లు. ఆయన మొహం ఇంకా గుర్తుంది నాకు. జాకీ, వీల్ స్పానర్ ఉన్నాయో లేదో చూసుకో, ఇంటి ముందు ఒకసారి చక్రం విప్పి బిగించి చూడు. రోడ్డు మీద మొదటిసారి నేర్చుకోవద్దు.

కావలి_కుర్రోడు

అన్నా ఇప్పుడే కిందికి పోయి చూసొచ్చా. ముందు రెండూ 2022వి, వెనకవి కారుతో వచ్చినవే. స్పానర్ ఉంది. జాకీ మా బావమరిది తీసుకుపోయి ఏడాదయింది.

నల్లమల_నీడ

మార్కాపురం నుంచి. వీళ్ల దారి కాకపోయినా చెప్పేస్తా, ఎవరికైనా పనికొస్తుంది. దోర్నాల నుంచి శ్రీశైలం పోయేవాళ్లు చెక్‌పోస్టు టైము చూసుకోండి, పులుల అడవి కాబట్టి రాత్రి 9 నుంచి పొద్దున 6 దాకా వదలరు. దీనికోసమే ఎనిమిదిన్నరకి దోర్నాల చేరాలని మార్కాపురం నుంచి పిచ్చిగా తోలుతారు జనం. రాత్రి మార్కాపురంలో పడుకుని పొద్దున పోండి, చెన్నకేశవస్వామి గుడి చూడండి, బాగుంటుంది. ఘాట్ ఎక్కిన గేరులోనే దిగండి, బ్రేకు మీద కాలేసుకుని దిగితే కాలిన వాసన వస్తుంది, ఆ తర్వాత బ్రేకు పట్టదు. కోతులకి ఏమీ వేయొద్దు, అవి బళ్ల కిందికి వచ్చేది దానికే.

పడుగుపాడు_పడవ

నా పేరు ఎందుకు ఇట్లా పెట్టుకున్నానో అడుగుతుంటారు. 2021 నవంబరులో పెన్నా పొంగినప్పుడు మా పడుగుపాడు దగ్గర హైవే కోసుకుపోయింది, రైలు కట్ట కూడా కొట్టుకుపోయింది. చెన్నై, కలకత్తా మధ్య పోయే బళ్లు ఎక్కడివక్కడ ఆగాయి. మన జిల్లాల్లో అసలు వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. ఆ నెలల్లో తుఫాను కబురుంటే ప్రయాణం మానుకోవడమే. ముందు లారీ నీళ్లలో పోయింది గదా అని మీరు కారు దింపొద్దు, దాని చక్రం ఎత్తు మీ బానెట్ ఎత్తు.

నర్సు_అక్క

వీళ్లందరూ ప్రమాదం రాకుండా చెప్పారు, వస్తే ఏం చేయాలో నేను చెప్తా. అంబులెన్సుకి 108, నేషనల్ హైవే మీద బండి ఆగిపోయినా ప్రమాదమైనా 1033, పోలీసుకి 112. దారిలో వేరేవాళ్లకి దెబ్బలు తగిలి ఉంటే ఆగండి, "కేసులో ఇరుక్కుంటాం" అనే భయం వద్దు. 2019లో మోటారు వాహనాల చట్టంలో 134ఎ సెక్షన్ పెట్టారు, సాయం చేసినవాళ్ల మీద కేసు ఉండదు, పేరు చెప్పమని బలవంతం చేయకూడదు. గాయపడినవాళ్లకి 7 రోజుల దాకా, లక్షన్నర రూపాయల వరకు క్యాష్‌లెస్ వైద్యం పథకం 2025 మే నుంచి ఉంది, దాని కింద నమోదైన ఆసుపత్రుల్లో. మెడ వంచి లాగడం, స్పృహలేని మనిషి నోట్లో నీళ్లు పోయడం చేయకండి. మనవాళ్లు మంచి మనసుతోనే నీళ్లు పోస్తారు, అవి ఊపిరితిత్తుల్లోకి పోతాయి.

అడ్మిన్

జాకీ ఎవరి దగ్గర ఉందో తేలేదాకా ఈ చర్చ పైనే ఉంచుతున్నా.

కావలి_కుర్రోడు

(రెండు వారాల తర్వాత)

వెళ్లొచ్చాం. వివరంగా రాస్తా.

వెనక టైర్లు రెండూ మార్పించా, జాకీ వెనక్కి వచ్చింది. చెల్లెలికి "రేపు సాయంత్రం ఎప్పుడో వస్తాం, పులుసు ఎల్లుండి పెట్టు" అని చెప్పా. అది కాస్త అలిగింది. అమ్మ ఇంకా ఎక్కువ అలిగింది, హోటల్ డబ్బుల గురించి. పొద్దున అయిదున్నరకి బయల్దేరాం. గెలాక్సీ అన్న చెప్పిన మంచు నిజంగానే, తెట్టు దాటేసరికే ముందేమీ కనపడలేదు. సర్వీస్ రోడ్డులోకి దిగి ఒక టీ కొట్టు దగ్గర ఆపేశా. నలభై నిమిషాలు. మామూలుగా అయితే నాకు ఒళ్లు మండేది, ఈసారి ఎవరికీ టైము చెప్పలేదు గదా, ఏమీ అనిపించలేదు. నాన్న అక్కడ ఒక పొగాకు రైతుతో కూర్చుని ఈ ఏడు బేళ్లు ఎంత పలికాయో, పొగాకు కాల్చే బేరన్లకి కట్టెలు ఎంత పిరమయ్యాయో మాట్లాడుతూ బెంచీ దిగనంటాడు. పాప కోడిపిల్లల వెంట పడింది. ఎండ వచ్చాక నేనే లేపాల్సి వచ్చింది.

టిఫిన్ ఒంగోలులో, సూది ప్రకారం ఎనిమిదికి. వారధి మీద కృష్ణ దాటేసరికి పన్నెండున్నర. భోజనం చేశాక ఏలూరు దారిలో కళ్లు బరువెక్కాయి. ఇంతకుముందైతే పాటలు పెంచేవాణ్ణి. బంకులో చెట్టు కింద పెట్టి, టీ తాగి, సీటు వాల్చి పడుకున్నా, మా ఆవిడ ఇరవై నిమిషాలకి లేపింది. నిజంగా పనిచేస్తుంది నర్సక్కా. రావులపాలెంలో పూతరేకులు, రాజమండ్రిలో రాత్రి. హోటలు గదిలో అమ్మ అన్నిటికన్నా ముందు పడుకుంది. "వైజాగ్ దాకా కూర్చుని ఉంటే నడుము విరిగేది" అని తనే అంది, డబ్బుల మాట మళ్లీ ఎత్తలేదు. మర్నాడు అన్నవరంలో దర్శనం చేసుకుని, ఆకులో ప్రసాదం తిని, మూడింటికి వైజాగ్.

బావమరిది ముందురోజు రాత్రి బయల్దేరి తెల్లారి ఎనిమిదిన్నరకి చేరాడంట, చెప్పినట్టే. మేం పోయేసరికి పడుకునే ఉన్నాడు. సాయంత్రం అందరం బీచికి పోతుంటే లేపాం, "మీరు పోండి బావా, తల పగిలిపోతోంది" అన్నాడు. మర్నాడు అరకు కూడా నా కారులో వెనక సీట్లో కూర్చునే వచ్చాడు.

ఒంగోలు_గిత్త

సరే సరే. నేనైతే 100కి తగ్గను, లిమిట్ అదేగా. కానీ మొన్న హైదరాబాద్ పోతూ మిర్యాలగూడ దగ్గర ఆగి టీ తాగా. మీ అందరి మొహాలు గుర్తొచ్చి.

ఉలవపాడు_బంగినపల్లి

గిత్త కాడి దించింది, రాసిపెట్టుకోండి.

డిపో_పెద్దాయన

బాగుంది అబ్బాయ్. పోయేటప్పటి సంగతి చెప్పావు, వచ్చేటప్పుడు? నేను అడిగేది దానికే. ఊరు దగ్గరపడ్డాక మనిషి మారిపోతాడు. మా డిపోలో కూడా చివరి 50 కిలోమీటర్లలోనే బళ్లకి గీతలు పడేవి.

కావలి_కుర్రోడు

పెద్దాయనా, మీకు ఎవరైనా చెప్పారా ఏంటి! వచ్చేటప్పుడు కూడా రాజమండ్రిలో ఆగాం, అన్నీ బాగానే చేశాం. టంగుటూరు టోలు దాటాక కుడి వెనక టైరు పంక్చర్, సాయంత్రం ఆరున్నర. బండి పూర్తిగా ఎడమకి తీసి, ఇంట్లోవాళ్లని రెయిలింగ్ అవతల నిలబెట్టి, ట్రయాంగిల్ వెనక దూరంగా పెట్టి, టార్చి పాపకిచ్చి స్టెప్నీ వేశా. ఇంటి ముందు ఒకసారి విప్పి చూసుకున్నా కాబట్టి పావుగంటలో అయింది. అక్కడి దాకా బాగానే ఉంది.

అక్కడి నుంచి సింగరాయకొండ ఎంత దూరం? గాలి అన్న షాపులో ఆగి పంక్చర్ వేయించుకోవచ్చు. ఆగలేదు. ఇల్లు వచ్చేసింది గదా, పాపకి పొద్దున బడి గదా అని చేతిలో స్టెప్నీ లేకుండా కావలి దాకా వచ్చేశా. మీటరు ఎంత చూపించిందో మాత్రం రాయను, లెక్కల పంతులు గారు ఉన్నారు. పంక్చర్ అయిన చక్రం ఇంకా డిక్కీలోనే ఉంది.

గాలి_పంక్చర్

ఆ రోజు నేను తొమ్మిది దాకా షాపులోనే ఉన్నా. సర్వీస్ రోడ్డు మీద, వేపచెట్టు కింద. ఆదివారం రా. పొద్దున్నే రా, మిగతా టైర్లకి గాలి కూడా చూస్తా. చల్లగా ఉన్నప్పుడు.